ఎవరి వాటా ఎంత అని అడగని చోటు

1920లో దివాకర్ల తిరుపతిశాస్త్రి చనిపోయారు. అప్పటికి ఆయనకు యాభై కూడా నిండలేదు. ఆయనతో కలిసి జంటగా కవిత్వం చెప్పిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి ఆ తర్వాత మరో 30 ఏళ్లు, 1950 దాకా ఉన్నారు. తెలుగునాట అంత పేరున్న కవి ఇక మీదట సొంత పేరుతో రాసుకుంటానంటే కాదనేవాళ్లు లేరు. అయినా ఆయన ‘తిరుపతి వేంకట కవులు’ అన్న పేరు వదల్లేదు. స్నేహితుడు పోయాక తానొక్కరే కూర్చుని రాసినవాటిని కూడా ఆ జంట పేరుతో లోకానికి ఇచ్చారు.

పోయిన మనిషికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. ఉన్న మనిషికి చూస్తే కష్టం మొత్తం తనది, పేరులో సగం వేరొకరిది. ఏ ఖాతాలో వేసినా పొసగని పద్దు ఇది. జీవితకాల స్నేహం విలువ ఏమిటో తెలుసుకోవాలంటే ఈ పొసగని పద్దు దగ్గరే కాసేపు ఆగాలి.

ఆపదలో ఆదుకున్నవాడే స్నేహితుడు అన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే. అది అబద్ధం కాదు గానీ, అంతటితో సరిపెట్టుకుంటే ఇలాంటి స్నేహాన్ని తక్కువ చేసినట్టే. ఆపదలో చుట్టాలు వస్తారు, పక్కింటివాళ్లు వస్తారు, ఒక్కోసారి ముక్కూ మొహం తెలియనివాళ్లూ వస్తారు. ఆరోగ్య బీమా కార్డు కూడా ఎంతోకొంత ఆదుకుంటుంది. యాభై అరవై ఏళ్లు నిలిచిన స్నేహంలో దొరికేది వేరు. ఎవరు ఎంత ఇచ్చారన్న లెక్క అక్కడ తేలదు, తేల్చుకోవాలన్న తొందర ఇద్దరికీ ఉండదు.

మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. భోజనాల హాలు ముందు ఒక బల్ల, దాని మీద లావుపాటి నోటుబుక్కు, పక్కన కవర్లు వేసే సంచి. ఊరు, ఇంటిపేరు, పేరు, మొత్తం. ఐదు వందల పదహార్లు, వెయ్యి నూట పదహార్లు. పెళ్లయ్యాక ఆ పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది. అవతలివాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు బయటికి తీసి, వాళ్లు ఎంత చదివించారో చూసుకుని, అంతకు తగ్గకుండా చదివిస్తారు. ఇందులో తప్పు పట్టేదేమీ లేదు, బంధుత్వం నడిచే పద్ధతే అది. కానీ ఆ బల్ల దగ్గర కూర్చుని రాస్తూ, సంచి కాపలా కాసే మనిషి ఎవరో గమనించండి. చాలాసార్లు పెళ్లికూతురి తండ్రికి చిన్ననాటి స్నేహితుడే అయ్యుంటాడు. అందరి పద్దులూ రాసే అతని పద్దు అందులో ఉందో లేదో ఎవరూ వెతకరు.

తిరుపతిశాస్త్రి, వెంకటశాస్త్రి ఇద్దరూ చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర కలిసి చదువుకున్నారు. వయసులో రెండేళ్ల తేడా. ఒకే విద్య, ఒకే గురువు, దాదాపు ఒకే ఈడు. మామూలుగా అయితే స్నేహానికంటే పోటీకే ఎక్కువ అవకాశం ఉన్న పరిస్థితి. పైగా వాళ్లు ఎంచుకున్నది అవధానం. పదిమంది ముందు ఎవరు గొప్పో తేలిపోయే విద్య అది.

అవధానం ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవాళ్లు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు నాలుగు మాటలిచ్చి అవి వచ్చేలా పద్యం చెప్పమంటారు. నిషిద్ధాక్షరి ఇచ్చే ఆయన, అవధాని ఒక అక్షరం పలకగానే తర్వాత ఫలానా అక్షరం వాడకూడదంటారు. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పని మధ్యలో దూరి ధ్యాస చెడగొట్టడమే. చాలా పద్యాలు ఒక్క ఊపులో పూర్తికావు. ఒక్కో చుట్టుకు ఒక పాదం చొప్పున అందరికీ చెప్పుకుంటూ వెళ్లి, చివర్లో అన్ని పద్యాలూ మొత్తంగా అప్పజెప్పాలి. శతావధానమైతే నూరుమంది. వృత్తాల్లో, కందంలో ప్రాస నియమం ఒకటుంది. మొదటి పాదంలో రెండో అక్షరంగా ఏ హల్లు పడితే మిగతా మూడు పాదాల్లోనూ అదే రావాలి. జంటగా పద్యం నడిపేటప్పుడు ఒకరు పాదం ఎత్తుకుని కష్టమైన ప్రాస వేస్తే, ఆ ముడి విప్పాల్సింది రెండోవారు. పక్కవాడు ఎటు పోతాడో ముందే తెలియాలి. తెలియకపోయినా ఎలాగో ఒకలా గట్టెక్కిస్తాడన్న నమ్మకమైనా ఉండాలి. ఇలాంటి పనిలో ‘ఆ మంచి పాదం నాది’ అన్న మాట ఒక్కసారి నోటి నుంచి జారితే చాలు, మర్నాటి సభకు జంట ఉండదు.

వాళ్లు గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి లాంటి సంస్థానాలన్నీ తిరిగారు. మీసాలు పెంచి, మమ్మల్ని గెలిచినవాళ్లకు ఈ మీసాలు తీసి మొక్కుతామని పద్యంలోనే సవాలు విసిరారు. లోకంతో అంత కయ్యానికి సిద్ధపడ్డవాళ్లు తమలో తాము వాటాలు వేసుకోలేదు. వెంకటశాస్త్రి శిష్యులైన పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు కూడా ఆ తర్వాత జంటకవులయ్యారు. ఛందస్సు నేర్పినట్టే గురువు ఇదీ నేర్పాడేమో అనిపిస్తుంది.

తిరుపతి వేంకట కవులు రాసిన పాండవోద్యోగ విజయాల నాటకాల పద్యాలు తెలుగు పల్లెల్లో తెల్లవార్లూ వినిపించాయి. వాటికి ఆధారమైన మహాభారతంలోనే ఇందుకు పూర్తిగా ఎదురు నిలిచే స్నేహం ఒకటుంది, కర్ణ దుర్యోధనులది. నిండు సభలో కులం అడిగి కర్ణుణ్ని అవమానించిన చోటే దుర్యోధనుడు అతనికి అంగరాజ్యం కట్టబెట్టాడు. బదులుగా ఏమివ్వమంటావని కర్ణుడు అడిగితే, స్నేహం చాలన్నాడు. మొదటి రోజే ఇంత పెద్ద పద్దు పడింది. ఇక జన్మమంతా అది తీర్చడమే కర్ణుడి పని అయింది. కృష్ణుడు జన్మరహస్యం చెప్పి పిలిచినా, కుంతి స్వయంగా వచ్చి అడిగినా కదల్లేదు.

కర్ణుడి విశ్వాసాన్ని మెచ్చుకోవడం మనకు అలవాటు. మెచ్చుకోదగ్గదే. కానీ ఒక్క విషయం చూడాలి. యుద్ధంలో ఓడిపోయేది కౌరవులేనని కర్ణుడికి తెలుసు. శకునాలు, కలలు చెబుతూ ఆ మాట కృష్ణుడితోనే అన్నాడు. దుర్యోధనుణ్ని ఆపడానికి మాత్రం ఆ మాట వాడలేదు. భీష్ముడు చెబితే ముసలివాడి చాదస్తం, విదురుడు చెబితే పాండవ పక్షపాతం. దుర్యోధనుడు చెవి పెట్టే గొంతు ఒక్కటి ఉంటే అది కర్ణుడిదే, ఆ గొంతు వద్దనలేదు. బాకీ ఉన్నవాడు రుణదాతను ఎదిరించి చెప్పలేడు కదా. లెక్క లేని స్నేహానికి ఉన్న మొదటి లాభం ఇక్కడ తెలుస్తుంది. నలభై ఏళ్ల స్నేహితుడు ‘నువ్వు చేస్తున్నది తప్పురా’ అంటే అందులో అసూయ వెతకం. అదే మాట తోడల్లుడు అంటే ముందు వెతికేది అసూయనే.

ఇరవయ్యో శతాబ్దంలో తెలుగువాళ్లకు బాగా దగ్గరైన జంట బాపు, రమణ. ముళ్లపూడి వెంకటరమణ 1931లో ధవళేశ్వరంలో పుట్టారు, బాపుగా మారిన సత్తిరాజు లక్ష్మీనారాయణ 1933లో నరసాపురంలో. కలుసుకున్నది మాత్రం మద్రాసులో, బళ్లో చదువుకునే రోజుల్లో. జంటకవులది ఒకే విద్య అయితే వీళ్లవి వేర్వేరు విద్యలు, ఒకరిది మాట, ఇంకొకరిది గీత. 1960ల మొదట్లోనే రమణ సినిమా రచయితగా నిలదొక్కుకున్నారు. బాపు అప్పటికి బొమ్మలు, కార్టూన్లు, ప్రకటనల రంగంలో ఉన్నారు. 1967లో ‘సాక్షి’తో బాపు దర్శకుడయ్యారు, రచన రమణది. నిలదొక్కుకున్న రచయిత, దర్శకత్వంలో అనుభవం లేని చిత్రకారుడి పక్కన నిలబడటం వ్యాపారం దృష్టితో చూస్తే పెద్ద రిస్కే. అక్కడి నుంచి 2011 నాటి ‘శ్రీరామరాజ్యం’ దాకా 44 ఏళ్లు. మధ్యలో ‘ముత్యాలముగ్గు’ లాంటివీ ఉన్నాయి, ఆడనివీ ఉన్నాయి. చెన్నైలో రెండు కుటుంబాలదీ ఒకే ఇల్లు.

డబ్బు, పేరు, పిల్లలు, వంటిల్లు. వీటిలో ఏ ఒక్కటైనా సొంత అన్నదమ్ములను వేరు కాపురాలు పెట్టించగలదు. ఇక్కడ నాలుగూ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఇద్దరు మగవాళ్ల స్నేహంగా చెప్పుకునే ఈ కథలో ఆ ఇంటి ఆడవాళ్ల ఓర్పు, నేర్పు ఎంత ఉండి ఉంటాయో ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

రమణ 2011 ఫిబ్రవరిలో పోయారు. ఆయన రాసిన ‘శ్రీరామరాజ్యం’ అదే ఏడాది నవంబరులో విడుదలైంది. బాపు మరో సినిమా తీయలేదు. 2014 ఆగస్టులో ఆయనా వెళ్లిపోయారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి సినిమా తీయకపోవడానికి వయసు ఒక్కటే చాలు కాబట్టి దీన్ని మరీ కవిత్వం చేయనక్కర్లేదు. అయినా వెంకటశాస్త్రి పక్కన పెట్టి చూస్తే ఒకటి అర్థమవుతుంది. ఒకే విద్య ఉన్న జంటలో మిగిలినవాడు ఇద్దరి పనీ చేయగలడు, అందుకే జంట పేరు మోయగలిగాడు. వేర్వేరు విద్యల జంటలో మిగిలినవాడి చేతిలో సగం పనే ఉంటుంది.

భర్తృహరి నీతిశతకాన్ని ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేశారు. చెడ్డవాళ్ల స్నేహం పొద్దుటి నీడలా మొదట పెద్దదై క్రమంగా తగ్గిపోతుందని, మంచివాళ్ల స్నేహం మధ్యాహ్నం తర్వాతి నీడలా చిన్నగా మొదలై పెరుగుతుందని అందులో ఉంది. పోలిక అందమైనదే, కాకపోతే ఒక ఇబ్బంది ఉంది. నీడ దానంతటదే పెరుగుతుంది, స్నేహం అలా పెరగదు. దానికి గంటలు కావాలి. అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పరిచయస్తుడు మామూలు స్నేహితుడు కావడానికి సుమారు 50 గంటలు, ఇంకాస్త దగ్గర కావడానికి 90, ప్రాణస్నేహితుడు అనదగ్గ చోటికి చేరడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. ఆఫీసులో పక్కపక్క సీట్లలో పనిచేసిన గంటలకు ఈ లెక్కలో పెద్దగా విలువ లేదట. ఊసుపోక గడిపిన గంటలే ఎక్కువ పనిచేస్తాయి.

ముప్పై దాటాక అన్ని ఖాళీ గంటలు ఎవరికున్నాయి? ఉద్యోగం, ఇంటి లోను, పిల్లల ఫీజులు. అందుకే జీవితకాల స్నేహాల్లో ఎక్కువ భాగం బడిలోనో కాలేజీ హాస్టల్లోనో పుట్టినవే అవుతాయి. అవి గొప్ప వయసులని కాదు, చేతిలో పని లేని వయసులు కాబట్టి. భాగవతంలో కుచేలుడు ద్వారకకు వెళ్లినప్పుడు కృష్ణుడు ముందుగా మాట్లాడింది దేని గురించి? సాందీపని గురుకులం గురించి. గురుపత్ని కట్టెల కోసం అడవికి పంపితే వానలో చిక్కుకుని, దారి తప్పి, రాత్రంతా చీకట్లో తిరిగిన సంగతి గుర్తుచేశాడు. కుచేలుడు వచ్చిన పని అడగనేలేదు. కృష్ణుడు అడగకుండానే ఇచ్చాడన్నది కథలో అందరికీ గుర్తుండే భాగం. తడిసిన కట్టెల ముచ్చట్లే ఆ ఇద్దరి అసలు ఆస్తి అన్నది తక్కువమంది పట్టించుకునే భాగం. ద్వారకలో కృష్ణుణ్ని ఆ వానరాత్రి వయసులో చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఎదిగినవాడికి తన పాత రూపం తెలిసిన మనిషి దొరకడం కష్టం. జిల్లా స్థాయి అధికారి అయినా, అమెరికాలో పెద్ద కంపెనీ డైరెక్టర్ అయినా, ‘ఒరేయ్ లెక్కల్లో పదమూడు మార్కులోడా’ అని పిలిచేవాడు ఒకడుంటే కాళ్లు కాస్త నేల మీద ఉంటాయి.

లెక్క లేకపోవడం అంటే డబ్బు వ్యవహారాల్లో కళ్లు మూసుకోవడం అని అనుకుంటే మాత్రం కొంప మునుగుతుంది. మనవైపు పాత స్నేహాలు తెగిపోయిన కథలు వింటే అందులో హామీ సంతకం లేని కథ అరుదు. ఒకడు చిట్టీ పాడుకుంటాడు, రెండోవాడు ష్యూరిటీ పెడతాడు. వాయిదాలు ఆగాక జీతంలో కోత పడేది సంతకం పెట్టినవాడికి. అప్పుడు ఇంట్లో గొడవ మొదలవుతుంది, ఫోన్ ఎత్తడం మానేస్తాడు మొదటివాడు. నిజానికి చాలాసార్లు స్నేహాన్ని తెంచేది పోయిన డబ్బు కాదు, ఆ ఎత్తని ఫోనే. బయటి అప్పును కాగితం మీద పెట్టుకుని, దానికి తేదీ వేసుకుని, తీర్చేసుకోవడమే మంచిది. లెక్క రాసుకోవాల్సినవి రాసుకుంటేనే రాసుకోనక్కర్లేనివి మిగులుతాయి.

ఇప్పటిదాకా చెప్పిన ఉదాహరణలన్నీ మగవాళ్లవే. ఇది యాదృచ్ఛికం కాదు. అవధానాల కోసం సంస్థానాలు తిరగాలన్నా, స్నేహితుడితో కలిసి సినిమా తీయాలన్నా ముందు ఇంటి నుంచి బయటికి వెళ్లే వీలుండాలి. మన ఆడపిల్లల స్నేహానికి పెళ్లి అనే గడువు తేదీ ఉండేది. పెళ్లయ్యాక ఆమెది వేరే ఊరు, వేరే ఇంటిపేరు, వచ్చిన ఉత్తరం ముందు ఎవరు చదువుతారో తెలియదు. పుట్టింటికి వచ్చిన నాలుగు రోజుల్లో స్నేహితురాలు కూడా పుట్టింట్లోనే ఉండటం అదృష్టం మీద ఆధారపడేది. ‘ఆడవాళ్ల స్నేహం నిలవదు’ అని మగవాళ్లు తేలిగ్గా అనేసిన మాట వెనక ఉన్న అసలు కారణం ఇంతే. వాట్సాప్ వచ్చాక పదో తరగతి బ్యాచ్ గ్రూపుల్లో ఎక్కువ హడావిడి యాభై దాటిన ఆడవాళ్లదే. పిల్లల పెళ్లిళ్లయ్యాయి, అత్తగారి సేవలూ అయ్యాయి. పాతికేళ్ల తర్వాత ఫోన్‌లో గొంతు విని, బెంచీ మీద కాంపస్‌తో పేరు చెక్కినందుకు తిన్న దెబ్బల దగ్గర నుంచి మొదలుపెడతారు. అంత ఎడం వచ్చినా సున్నా నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం వాళ్లకు లేదు. కావాల్సిన గంటలు ఎప్పుడో ఖర్చుపెట్టేశారు.

పెద్ద వయసులో ఈ విలువ ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 2010లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ 148 అధ్యయనాలను, మూడు లక్షల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. బలమైన మానవ సంబంధాలు ఉన్నవాళ్లు ఆ అధ్యయన కాలం దాటి బతికి ఉండే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువని తేల్చింది. అందులో భార్యాభర్తలు, బంధువులు, స్నేహితులు అందరూ కలిసే ఉన్నారు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 70 ఏళ్లు దాటినవాళ్లను పదేళ్లు గమనించిన అధ్యయనం మన ఇళ్లకు ఇంకాస్త దగ్గరగా ఉంటుంది. ఎక్కువకాలం బతకడానికి, స్నేహితుల బలగానికి అందులో స్పష్టమైన సంబంధం కనిపించింది, పిల్లలతో, బంధువులతో ఉన్న బంధానికి అలా కనిపించలేదు. స్నేహితులుంటేనే ఆయుష్షు అని దీన్నిబట్టి చెప్పేయలేం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే బయటికి వెళ్లి స్నేహాలు నిలుపుకుంటారు కూడా. అయినా కొడుకు డాలస్‌లో, కూతురు సిడ్నీలో ఉండి, విజయవాడలోనో వరంగల్‌లోనో రెండు బెడ్రూముల ఫ్లాట్‌లో మిగిలిన దంపతులకు ఈ ఫలితం వింత అనిపించదు. రాత్రి పదకొండింటికి ఛాతీలో నొప్పి వస్తే కొడుకు వీడియో కాల్‌లో ఉంటాడు, స్కూటర్ తీసేది మాత్రం స్నేహితుడే. ఆస్పత్రిలో ‘మీరేమవుతారు?’ అని అడిగితే ఆయన చెప్పుకోవడానికి ఫారంలో గడి ఉండదు, చాలాసార్లు ‘బ్రదర్’ అని రాసేస్తారు.

ఈ గంటల లెక్కతో చూస్తే ఇప్పుడు ఆలోచించాల్సింది ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కాలేజీల గురించి. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారం వారం పరీక్ష, చాలాచోట్ల మార్కులను బట్టి సెక్షన్ మార్పు. పక్క బెంచీవాడు ఈ నెల స్నేహితుడు, వచ్చే నెల వేరే బిల్డింగ్. ర్యాంకు లెక్కలో వాడు పోటీదారు కూడా. హాస్టల్ గదిలో, మెస్ లైన్లో పిల్లలు ఎలాగోలా స్నేహాలు చేసుకుంటూనే ఉన్నారు, ఆ వయసు ఊరుకోదు. కానీ ఊసుపోక గడిపే గంటలను వృథా అని టైమ్‌టేబుల్ నుంచి తుడిచేసిన చోట అవి దొంగచాటు గంటలే. ఔటింగ్ రోజు పిల్లాణ్ని తీసుకెళ్లడానికి వచ్చే తల్లిదండ్రులు మొదటి ప్రశ్నగా మార్కులు అడుగుతారు. పక్క మంచం కుర్రాడి పేరు ఏమిటని అడిగేవాళ్లు, వాణ్ని కూడా వెంటబెట్టుకుని హోటల్‌కి వెళ్లేవాళ్లు తక్కువ. అలా వెళ్లడానికి అయ్యే ఖర్చు ఇంకో ప్లేటు బిర్యానీ.